బెండసాళ్ల రెడ్డమ్మ

మా అత్త ఈదమ్మ నా పేరు మరిచిపోయి ఏడాది దాటింది. నా తప్పులు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసిన సంగతి ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ ఇప్పటికీ చెబుతుంది. చెప్పి, నావైపు తిరిగి, "నువ్వెవరు పిల్లా? ఎవరింటిదానివి?" అంటుంది. మొదట్లో "రేణుకను అత్తా, నీ కోడలిని" అనేదాన్ని. అలా అంటే కంచం తోసేసేది. ఇప్పుడు "పక్కింటిదాన్ని" అంటున్నాను. పక్కింటిదాని చేతి అన్నమైతే మర్యాదగా తింటుంది. ఇన్నేళ్లు వండి పెట్టినందుకు నాకు దక్కిన బిరుదు అది. సరే, తింటోంది కదా అని నేనూ ఊరుకున్నాను.

గద్వాల నుంచి ఐజ వెళ్లే దారిలో మా ఊరు. రోడ్డుకు రెండు వైపులా సీడు పత్తి. అది మామూలు పత్తి కాదు, విత్తనం కోసం పండించేది. మొగ్గ మొగ్గకూ మనిషి చెయ్యి పడాలి. సాయంత్రం పూట ఆడ సాళ్లలోకి దిగి, తెల్లారి విచ్చుకోబోయే మొగ్గను బొటనవేలి గోటితో చీల్చి, రేకులూ పుప్పొడీ ఒలిచేసి, లోపలి కాడ ఒక్కటే మిగల్చాలి. గుర్తుగా దానికి ఎర్ర కాగితం ముక్క తొడగాలి. మర్నాడు పొద్దున మగ సాలు పూలు తెంపుకొచ్చి ఆ కాడకు రుద్దాలి. దీన్నే అందరూ క్రాసింగ్ అంటారు.

కాళ్లు ఆడినంత కాలం మా అత్త ఆ పనే చేసింది. నా మొగుణ్ణి కడుపున మోస్తూ కూడా చేసిందట. కొన్నేళ్లు గట్టు మండలం వైపు పొలాలకు పోయి, సీజనంతా అక్కడే గుడిసెల్లో ఉండిపోయేది. ఆసామి భార్యను మా వాళ్లు రెడ్డమ్మ అంటారు. పని ముగిసి ఆ రెడ్డమ్మ "ఇగ పోరి" అంటేనే మూట కట్టుకుని ఇంటికి వచ్చేది. ఆ పనికి ఆమె బొటనవేలి గోరు నల్లబడి, మందంగా గట్టిపడిపోయింది. ఎంత తోమినా ఆ నలుపు పోదు. రోజూ స్నానం చేయించేది నేనే కదా, నాకు తెలుసు.

నేనూ చేశాను ఆ పని. చిన్నప్పటి నుంచి అత్త మంచాన పడేదాకా చేశాను. మంచాన పడడమంటే కాలూ చెయ్యీ పడిపోవడం కాదు, అవి నాకన్నా గట్టిగానే ఉన్నాయి. పడింది మతి. ముందు పొలం నుంచి ఇంటికి దారి తప్పింది. తరువాత కట్టుకున్న చీర ఎవరిదని అడిగింది. తరువాత నేను తన చీరలు దొంగిలించానని వాకిట్లో నిలబడి కేకలు పెట్టింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోతే, ఇది మతిమరుపు జబ్బు, తగ్గేది కాదు, చిన్నపిల్లను చూసుకున్నట్టు చూసుకోవాలి అన్నాడు డాక్టరు. మంచివాడే. ఇంకో మాట కూడా అన్నాడు. "చూసుకునేవాళ్లు కూడా రోజూ కాసేపు తమకు నచ్చిన పని ఏదైనా పెట్టుకోవాలి. లేకపోతే వాళ్లూ పేషంటవుతారు" అన్నాడు.

ఆ మాట విన్నది మేమిద్దరం. నేనూ, నా మొగుడు కురుమూర్తీ. బస్సెక్కగానే కురుమూర్తి, "చూసినవా, డాక్టరు నాకు జర రెస్టు కావాలంటున్నడు" అన్నాడు. అప్పటి నుంచి పొద్దున బడి వ్యానులో పిల్లల్ని దింపి రాగానే హోటల్ బెంచీ మీద కూర్చుని రెస్టు తీసుకుంటున్నాడు. అత్త తడిపిన బట్టలు నేను ఉతుకుతాను. ఆమె దిండు కింద దాచిన రొట్టెముక్కలు చీమలు పట్టకముందే నేను తీస్తాను. చూసుకునేవాడు మాత్రం ఆయన. కొడుకు కదా.

అయినా డాక్టరు మాట నా చెవిలో పడింది. మా ఇంటి వెనక పాత కొట్టం కూలిపోయిన జాగా కొంచెం ఉంది. స్నానాల గది నీళ్లు అటే పోతాయి. రాళ్లు ఏరేసి, గడ్డపారతో తవ్వి, పెంటమట్టి మోసి పోశాను. అమరచింతలో మా అమ్మ దాచి ఇచ్చిన బెండ గింజలు సాళ్లుగా పెట్టాను. పక్కన గోంగూర, చుక్కకూర, కంప మీదికి కాకర తీగ, అంచున బంతి. సాయంత్రం వ్యాను పెట్టేసి వచ్చిన కురుమూర్తి తల్లి దగ్గర అరుగు మీద కూర్చుంటే, టీ పొయ్యి మీద పెట్టేదాకా ఆ కాసేపు నాది అని గట్టిగా మాట తీసుకున్నాను.

ఆ కాసేపట్లో నేను గొప్ప పనేం చేసేదాన్ని కాదు. కలుపు తీసేదాన్ని, లేదంటే ఊరికే కూర్చునేదాన్ని. మట్టి నన్ను పిలవదు. చుక్కకూర "నువ్వెవరు" అని అడగదు. రోజంతా పీకిన తలనొప్పి చేతివేళ్ల నుంచి మట్టిలోకి జారిపోయినట్టుండేది. శ్రావణం వచ్చేసరికి బెండ పూత పట్టింది. బెండపూవు అచ్చం పత్తిపూవులాగే ఉంటుంది. పసుపు రేకులు, నడుమ ఎర్రటి నలుపు. ఇన్నేళ్లలో అలాంటి పూలు లక్షల్లో గిల్లి పారేశాను గాని, ఒక్కటైనా తనంతట తాను విచ్చుకుని, వాడి, కాయగా మారడం కూర్చుని చూసింది లేదు. ఇప్పుడు చూశాను. ఏ పూవునూ ముట్టుకోలేదు. నవ్వుతారేమో, దాన్ని చూస్తుంటే నాకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. లోకంలో నాకు కావలసింది ఆ కాసేపే. ఇంకేం అడగలేదు నేను.

ఒకరోజు సాయంత్రం రేషను బియ్యానికి పోవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి కురుమూర్తి అరుగు మీద ఫోనులో మునిగి ఉన్నాడు.

"అత్తేది?" అన్నాను.

"లోపల పండుకున్నది."

లోపల లేదు. సంచి కిందపడేసి పెరట్లోకి పరుగెత్తాను. అత్త చీర కుచ్చిళ్లు పైకి దోపి, నడుం వంచి, బెండ సాళ్ల మధ్య ఉంది. మనిషి ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో! వేళ్లు మాత్రం గడగడా ఆడుతున్నాయి. మొగ్గ పట్టుకుంటోంది, గోటితో చుట్టూ చీలుస్తోంది, ఒక్క లాగుతో ఒలిచేస్తోంది. నేను జమ్ములమ్మ జాతరలో కొనుక్కున్న గాజుల పొట్లం ఎర్ర కాగితం చింపి ముక్కలు చేసి, కొంగున పెట్టుకుని, ఒక్కో కాడకూ తొడుగుతోంది. అయిన సాళ్లలో ఒక్క మొగ్గ మిగల్లేదు. చివరి సాలు ఒక్కటే ముట్టుకోకుండా వదిలేసింది. అది మగ సాలన్నమాట. మతి పోయిందని అంటారు గాని, పని మాత్రం ఎక్కడికీ పోలేదు.

నన్ను చూసి, "జెల్ది రా పిల్లా, పొద్దు గూకుతున్నది. ఆ సాలు నువ్వు పట్టు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏం జేసినవ్ అత్తా! నా పూలన్నీ నాశనం జేసినవ్ గదా! నీకేం పాపం జేసిన నేను? ఇంట్ల సచ్చేదాంక సతాయిస్తవ్, ఈడ గూడ బతకనియ్యవా?" అని ఊరంతా వినేలా అరిచాను.

ఎదురు తిడుతుందనుకున్నాను. తిడితే ఇంకో నాలుగు అనేదాన్ని, కడుపు మంట చల్లారేది. ఆమె చేతులు నలుపుకుంటూ తల దించుకుంది. "తప్పయింది రెడ్డమ్మా. కండ్లు సరిగ కానొస్తలేవు. రేపటి సంది తొందరగ వస్త. నన్ను పనిలకెళ్లి తీసేయకు" అంది. ఇంత వయసొచ్చిన మనిషి నా ముందు అలా నిలబడింది.

వెనక నుంచి కురుమూర్తి వచ్చాడు. చూసి, నవ్వాడు. "అబ్బ! ఎంత సక్కగ జేసిందో జూడు! ఒక్క కాడన్న ఇరగలేదు" అని ఫోటో తీసి వనపర్తిలో ఉన్న చెల్లెలు మానసకు పంపాడు. నా తోట చచ్చిన ఫోటో అది. దానికి మానస దండాల బొమ్మలు పంపింది. మర్నాడు పొద్దున అత్త మగ పూలు తెంపడానికి లేస్తే, నేను పెరటి తలుపుకు గొళ్లెం పెట్టాను. రుద్దితే కనీసం కాయలన్నా నిలిచేవి. అప్పుడు అంత కోపంలో ఉన్నాను, ఎండిపోతే పోనీ అనుకున్నాను. గిల్లినవన్నీ ఎండి రాలిపోయాయి.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కాని మొగ్గలు గిల్లిన ఆ సాయంత్రం అత్త గొడవ చేయకుండా తిని, తిన్న చోటే నిద్రపోయింది. అదీ వచ్చిన చిక్కు. రోజూ పొద్దు వాలేసరికి ఆమెకు ఏదో పట్టుకుంటుంది. "ఇంటికి పోవాలె" అని తలుపులు గుద్దుతుంది, అడ్డం పోతే రక్కుతుంది. నా ముంజేతుల మీద గాట్లు చూడండి. అలాంటి మనిషి మొగ్గలు గిల్లిన రోజు మాత్రం చల్లబడింది. పత్తి పనికి వేళ అదే మరి. ఆమె ఒంటికి తెలుసు.

ఈ సంగతి మానస పట్టుకుంది. వీడియో కాల్‌లో కనబడి, కళ్లు తుడుచుకుంటూ, "వదినా, అమ్మ నవ్వుతుంది! ఎన్ని దినాలకు నవ్వింది! రోజు తోటలకు తీస్కపో వదినా" అంది.

"తీస్కపోత. మరి నేను?" అన్నాను.

"నువ్వు గూడ ఆడనే ఉంటవ్ గద. నీకు గూడ రెస్టే!" అంది.

ఆదివారం మానస దిగింది. తల్లి కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ఎండ టోపీ, చింపిన ఎర్ర కాగితాలు ఒక డబ్బా నిండా తెచ్చింది. తల్లి పక్కన నిలబడి వీడియో తీసుకుని "మా అమ్మ తోట" అని స్టేటస్ పెట్టింది. అమ్మ తోటట! గడ్డపార పట్టి నా అరచేతుల్లో లేచిన బొబ్బలు ఎవరి స్టేటస్‌లోనూ లేవు. పక్కింటి లక్ష్మీదేవమ్మ గోడ మీదినుంచి చూసి, "తల్లి కోసం తోట పెట్టిండు. కొడుకంటే గిట్లుండాలె" అని కురుమూర్తిని మెచ్చుకుంది. ఆ మహానుభావుడు కాదనకుండా నవ్వాడు. సాయంత్రం కాగానే మానస బస్సెక్కింది, అమ్మను బాగా చూసుకోమని నాకు చెప్పి మరీ.

ఇక రోజూ అదే వరస. పొద్దు వాలుతుండగా అత్తను తోటలోకి తీసుకుపోవాలి. పొద్దున మళ్లీ తీసుకుపోయి పూలు రుద్దనివ్వాలి. ఆమె చేతి వాటం గొప్పది, రుద్దిన ప్రతి కాడకూ కాయ నిలిచింది. లేత కాయ తెంపుదామని నేను చెయ్యి పెడితే, "సీడు కాయ తెంపుతవా, దొంగదానా!" అని నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది. నిజమే, సీడు కాయ చెట్టు మీదే ముదరాలి. అలా బెండకాయలన్నీ చెట్టునే ముదిరి పీచు తేలాయి. నేను బజార్లో బెండకాయలు కొన్నాను. సీడు పొలంలో వేరే మొక్క ఉండకూడదని బంతిని పీకేసింది, గోంగూరను పీకేసింది, చుక్కకూరను తొక్కేసింది. "కలుపు జూడు ఎట్ల వెరిగిందో రెడ్డమ్మా, నీ కూలోళ్లు ఏం జేస్తుండ్రు?" అని నన్నే అడిగింది.

పిలవని చోటు అనుకున్నానే, అక్కడా పిలుపులే. "రెడ్డమ్మా, మంచినీళ్లు." "రెడ్డమ్మా, ఈ సాలు అయింది." "రెడ్డమ్మా, కాగితాలు ఒడిసినయి." పుట్టిన కాడి నుంచీ కూలికి పోయినదాన్ని, గజం భూమి లేనిదాన్ని, మా అత్త పుణ్యమా అని రెడ్డమ్మనయ్యాను. తల్లి తోటలో కుదురుకుందని తెలిశాక కురుమూర్తి సాయంత్రం కూడా హోటలుకే పోతున్నాడు. నాకిస్తానన్న ఆ కాసేపు కూడా ఆయనే పట్టుకుపోయాడు.

ఒకరోజు అడిగేశాను. "నా తోట నాకు కావాలె" అన్నాను.

"తోటనే గద, యాడికి పోయింది? అట్లనే ఉన్నది గదనే!" అన్నాడు.

"ఆ పొద్దు గూకేటప్పుడు కాసేపు నువ్వు అమ్మను జూస్తనంటివి. నేను ఒక్కదాన్నే ఉంట ఆడ."

"ఒక్కదానివే ఉండి ఏం జేస్తవ్?"

ఏం చేస్తానో ఎలా చెప్పను? ఏమీ చేయను. అదే నాకు కావాలి. ఆ మాట చెబితే ఆయనకు అర్థం కాదని తెలిసి కూడా చెప్పాను. ఆయన నన్ను కాసేపు చూసి, "అమ్మ ఎన్ని దినాలుంటదే? జర ఓపిక పట్టు" అన్నాడు. అంటే నేనేదో ఆమె చావు కోరుకుంటున్నట్టు. నేను కోరుకున్నది బెండపూలు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దెక్కాక, అత్త కునుకు తీస్తుండగా, తోటలోకి పోయాను. చీర దోపుకున్నాను. మొదటి బెండచెట్టు మొదలు పట్టుకుని లాగాను. ముందురోజే వాన పడింది, మెత్తగా వేళ్లతో సహా వచ్చేసింది. రెండోది లాగాను. సాలు సాలూ పీకేశాను, ఎర్ర కాగితాలతో సహా. మోపు కట్టి లక్ష్మీదేవమ్మ బర్రెల ముందు పడేశాను. "అయ్యో, కాయల చెట్లు!" అంది ఆమె. "ముదిరినయి" అన్నాను. తిరిగి వచ్చి ఖాళీ మట్టిలో చతికిలబడ్డాను. ప్రాణానికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మళ్లీ చుక్కకూర చల్లుకుందాం, పత్తిలాగ పూయనిదేదైనా పెట్టుకుందాం అనుకున్నాను.

పొద్దు వాలింది. అత్త కుచ్చిళ్లు దోపుకుని, కాగితాల డబ్బా చంకలో పెట్టుకుని వచ్చింది. గట్టు మీద ఆగింది. ఖాళీ నేలను చూసింది, నన్ను చూసింది.

"పంట తీసేసిండ్రా రెడ్డమ్మా?"

"తీసేసినం."

"సీజను ఒడిసిందా?"

నాకు ఒకటే ఆత్రం, ఆ డబ్బా తీసుకుని ఆమె లోపలికి పోతే చాలని. "ఒడిసింది. ఇగ పని లేదు. పో, ఇంటికి పో" అనేశాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "హౌదా? పోదునా?" అంది. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు, సంతోషం ఎక్కువైతే ఆ కన్నడ మాటలొస్తాయి. డబ్బా జాగ్రత్తగా నా చేతికిచ్చి, రెండు చేతులూ జోడించి, లోపలికి పోయింది. తలుపులు గుద్దలేదు, అరవలేదు. నేను మట్టిలో కూర్చుని కళ్లు మూసుకున్నాను. చాలా రోజుల తరువాత ఎవరూ పిలవలేదు. కొంచెం కునుకు కూడా పట్టింది నాకు.

లేచి లోపలికి పోతే ఇల్లు ఖాళీ. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. దండెం మీద ఆమె చీరలు లేవు.

చెప్పులు లేకుండా వీధిలో పడ్డాను. బావి దగ్గర చూశాను, వాగు గట్టు చూశాను. దొరికిన ప్రతి మనిషినీ అడిగాను. ఆమెకేమన్నా అయితే అనే భయం ఒకవైపు, అయితే అందరూ నన్నేమంటారో అనే భయం ఇంకోవైపు. రెండోది కూడా ఉంది, లేదని ఎందుకు అబద్ధమాడాలి? హోటలు నుంచి కురుమూర్తి వ్యాను తీసుకుని ఇంకోవైపు పోయాడు.

నేను రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సాగే చోట సీడు పనికి వచ్చిన కూలి ఆడవాళ్లు ఆటో కోసం నిలబడి ఉన్నారు. వాళ్ల నడుమ, ఒళ్లో చీరల మూట పెట్టుకుని, పెళ్లికి పోతున్నదానిలా కూర్చుని ఉంది మా అత్త. నేను వెనక నుంచి వస్తున్నాను, నన్ను చూడలేదు. వాళ్లతో కబుర్లాడుతోంది.

"సీజను ఒడిసింది. మా రెడ్డమ్మ పొమ్మన్నది. కొంచెం నోరు వెద్దది గాని మనిషి మంచిదే. జెల్ది పోవాలె నేను. ఇంట్ల నా కోడలు ఒక్కతే ఉంటది. కొత్తగొచ్చిన పిల్ల. నేను పొయ్యేదాంక తినదది, పిచ్చిది."

"మంచి కోడలేనా అవ్వా?" అంది ఒకామె నవ్వుతూ.

"మంచిదే. పనికి మంచిది. ఒకనాడు పప్పుల రెండుసార్లు ఉప్పేసింది. భయానికి పొయ్యికాడ కూసోని ఏడుస్తుండె. కొడుకు కంచంల పడకముందే కుండెడు పప్పు నేనే తిన్న. తిని, ఇయ్యాల పప్పు వండలేదని చెప్పిన. ఆ రాత్రంతా నీళ్లు తాగుడే తాగుడు." పకపకా నవ్వింది.

నేను అక్కడే నిలబడిపోయాను. ఇన్నేళ్లు ఆ ఉప్పు మాటతో నలుగురిలో నన్ను పొడిచింది గదా, ఈ సగం ఎందుకు చెప్పలేదు? ఆనాడు పప్పేమైందో నాకు తెలియనే తెలియదు. కుక్కకు పోసిందనుకున్నాను. ఒక్కసారి, మతి ఉన్నప్పుడు, ఒక్కసారి నాతో అని ఉంటే ఏం పోయేది ఆమెకు? చెప్పవలసిన మనిషికి చెప్పకుండా రోడ్డు మీద కూలోళ్లకు చెబుతోంది.

"అత్తా" అన్నాను ఎదురుగా పోయి. "నేనే రేణుకను. నీ కోడలిని. ఇంటికి పోదాం రా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. చెదిరిన నా జుట్టులో తెల్ల వెంట్రుకలు చూసింది. "నా కోడలు గింత ముసలిది గాదమ్మా" అంది. మూట గట్టిగా పట్టుకుంది. చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టింది. "ఎవరమ్మా నువ్వు? నన్ను ఇంటికి పోనీ! బస్సొస్తది!"

కూలోళ్లలో పెద్దామె నావైపు తిరిగింది. "మతి లేని ముసల్దాన్ని గిట్ల రోడ్డు మీదికి ఇడుస్తరామ్మా? నీకు గూడ రేపు ఇదే గతి వస్తది" అంది. దూరంగా బస్సు హారను వినబడింది. అత్త లేచి నిలబడింది.

మిగిలిన దారి ఒక్కటే. నడుం మీద చెయ్యి పెట్టాను. గొంతు పెంచాను. "ఈదమ్మా! యాడికి పోతున్నవ్? పని ఒడవలేదు. ఇంగ సాళ్లు ఉన్నయి. నడువ్!"

ఆమె ముఖంలో వెలుగు చటుక్కున ఆరిపోయింది. "ఒడిసిందంటివి గద రెడ్డమ్మా" అంది.

"ఒడవలేదు."

"కోడలు ఎదురుజూస్తది."

"చూడనీ."

మూట చంకన పెట్టుకుంది. రోజంతా వంగి పనిచేసిన మనిషి నడిచినట్టు, తల వంచుకుని, నా వెనకే ఇంటిదాకా నడిచి వచ్చింది. బిడ్డను కొట్టినా అంత బాధ కలగదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంట్లో జరగవలసినదంతా జరిగింది. "బెండ ఎందుకు పీకినవే? అమ్మ సక్కగ కుదురుకున్నది గద!" అని కురుమూర్తి ఎగిరాడు. నేను ఆయన ఫోను తీసి గోడకేసి కొడతానన్నాను, అప్పుడు నోరు మూశాడు. మానస ఫోను చేసి, "అమ్మకు గదొక్కటే సంతోషం వదినా, నీకు మనసెట్లొచ్చింది?" అని ఏడ్చింది. తల్లిని ఒక వారం వనపర్తికి తీసుకుపోరాదా అన్నాను. వాళ్ల ఇల్లు ఇరుకట. మూడో అంతస్తట. పెరడు లేదట.

మర్నాడు సాయంత్రం సజ్జ మీది డబ్బాలోంచి మిగిలిన బెండ గింజలు తీశాను. ఇవి నా కోసం కాదని నాకు తెలుసు. ఇది అత్త పొలం. సాళ్లు తీసి, గుంట గుంటకూ గింజలు పెడుతున్నాను. అత్త గట్టు మీద కూర్చుని ఉంది, ఒళ్లో మూట. ఆ మూట ఇక విప్పనివ్వడం లేదు.

"పూత ఎప్పుడొస్తది రెడ్డమ్మా?"

"నెల దాటాలె."

"అంతదాంక పని లేదు గద. నన్నొకసారి ఇంటికి పంపరాదు? కోడల్ని జూసి రెండో దినమే వస్త. అది తిన్నదో లేదో."

ఆమెకు సెలవు అడగడానికి నేనున్నాను. నేను ఎవరిని అడగాలి? "తిన్నది. నీ కోడలు తిన్నది" అన్నాను.

"నువ్వు జూసినవా?"

"చూసిన."

"ఏడుస్తున్నదా?"

"లేదు."

నమ్మినట్టే తల ఊపింది. మూట పక్కన పెట్టి, నెమ్మదిగా గట్టు దిగి, నా పక్కన కూర్చుని, ఆ నల్ల గోటితో మట్టి గీకి, నా చేతిలోంచి ఒక గింజ తీసుకుని గుంటలో వేసింది. "మరి ఎప్పుడు పంపుతవ్?" అంది.

"ఈ సాలు అయినంక" అన్నాను. గింజ మీద మట్టి కప్పి, పక్కన ఇంకో సాలు గీశాను.